పాస్కా గ్లాసు

మార్చి 24, సోమవారం

మా అరవింద్ లివర్ బాగైంది.

బాగైంది, బాగైంది, బాగైంది. పేజీ నిండా ఇదే రాసినా నా చెయ్యి నొవ్వదు. సూర్యాపేట దవాఖానలో డాక్టర్ రిపోర్టును కిటికీ వెలుతురుకు పట్టి చూసి, "వాపు పోయింది. అన్నీ నార్మల్. అదృష్టవంతుడివయ్యా" అన్నాడు. నేను లేచి ఆయన రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నాను. ఆయన చేతులు విడిపించుకుంటూ ఇంకేదో చెప్పాడు. నా చెవుల్లో గుడి గంటలు మోగుతుంటే ఏం వినపడుతుంది. కోడలు రచన విన్నది. బడిలో పంతులమ్మ, ఒక్క మాట కింద పడనివ్వదు.

జనవరిలో ఇదే దవాఖాన. నా కొడుకు కళ్లు పసుపు ముద్దలు, పొట్ట నీళ్ల బిందె. వాడు కక్కిన తువ్వాల నేనే ఉతికాను. ఆ వాసన ఏ సబ్బుకూ లొంగలేదు, చివరికి ముళ్లకంపలో పారేశాను. మందు దుకాణం పర్మిట్ రూమ్ వస్తే ఇప్పటికీ రోడ్డుకు అవతలి పక్కన నడుస్తాను. ఆ గోడ పక్క తడి, ఆ ప్లాస్టిక్ గ్లాసులు, ఆ నమిలి ఉమ్మిన బఠాణీలు. తాగుడంటే నాకు అసహ్యం. పండగ పూట తప్ప నేను ముట్టను.

మఠంపల్లి బస్సులో అందరికీ చెప్పాను. నా సంబరం చూసి ఒక ముసలామె, "మనవడు పుట్టిండా అన్నా?" అని అడిగింది. "మనవడు కాదక్కా, కొడుకే మళ్ల పుట్టిండు" అన్నాను. అరవింద్ సిగ్గుపడి కిటికీ వైపు తిరిగాడు. నలభై ఏళ్లవాడు, రైసుమిల్లు బాయిలర్ ముందు నిలబడే మనిషి, చెవులు ఎర్రబడ్డాయి.

దేవుని ఏర్పాటు చూడు. విభూది బుధవారం ఫాదర్ మా నొసట బూడిద రాసినప్పటి నుంచి ఇంట్లో తపస్సు కాలం నడుస్తున్నది. పాస్కా పండగ, అదే ఈస్టర్, వచ్చేదాకా మాంసం లేదు, మందు లేదు, శుక్రవారాలు ఒక్కపొద్దు. వాడు జనవరిలోనే మానేశాడు, నిజమే. కానీ నయం చేసింది ఈ ఒక్కపొద్దులే అని నా మనసుకు గట్టిగా తోస్తున్నది. మా ఆవిడ శౌరమ్మ అయితే రిపోర్టు సంగతి విన్నప్పటి నుంచి మరియమాత పటం ముందు నుంచి లేవలేదు. అన్నం నేనే వండాను. ఉప్పు ఎక్కువైంది.

మార్చి 26, బుధవారం

అందరికీ చెప్పాను. పాలతనికి రెండుసార్లు చెప్పానట.

మార్చి 28, శుక్రవారం

సంతోషం మీద ఇంత నూనె పోస్తారా మనుషులు.

పొద్దున గుడిలో సిలువ మార్గం చేసి వచ్చేసరికి కోదాడ నుంచి శౌరమ్మ తమ్ముడు రాజారత్నం దిగాడు, భార్యతో, ఇద్దరు వియ్యంకులతో. అరవింద్‌ను చూడ్డానికట. కారు వెనక డబ్బాలో ఒక పెద్ద బొచ్చె చేప, ఒక సంచి రొయ్యలు.

"ఇయ్యాల శుక్రవారం రా, ఒక్కపొద్దు" అన్నది శౌరమ్మ.

"అందుకే కదక్కా చాప తెచ్చిన. ముక్క ముడ్తమా? శుద్ధభోజనమే."

"చాప ముక్క కాదా?"

"నీళ్లల్ల పెరిగేది అక్కా. తామరతూడు లెక్క, సొరకాయ లెక్క అనుకో."

సిమెంటు ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ఉద్యోగమంతా గరిటె పట్టినవాణ్ని, నాకే పడింది వేపుడు. ఒక్కపొద్దు అంటే ఒక్కసారే తినాలి కాబట్టి మూడు పూటలది ఒక్కసారే తిన్నారు. కోదాడ గుడిలో సిలువ ముందు మోకాళ్లూనిన మట్టి ఇంకా రాజారత్నం ప్యాంటుకు ఉంది. ఆ మోకాలి మీదే పళ్లెం పెట్టుకున్నాడు. మూతి చుట్టూ ఎర్ర నూనె. తల చీకి, కన్ను పీకి, ముల్లు నాలుక మీద అటూ ఇటూ దొర్లించి పక్కన ఉమ్మాడు. ముళ్ల కుప్ప పక్కన రొయ్యల తొక్కల కుప్ప. దాని మీద ఈగలు. చేతిని మణికట్టు దాకా నాకి, తేన్చి, "ప్రభువు కష్టాలు తల్చుకుంటే అన్నం గొంతు దిగదు బావా" అన్నాడు. నేను లోపలికి పోయి ముఖం కడుక్కుని వచ్చాను.

అంతా అయ్యాక సంచిలోంచి ఒక బాటిల్ తీసి నా చేతిలో పెట్టాడు. మిలిటరీ క్యాంటీన్ మందు. ఎవరో రిటైరైన జవాను దగ్గర మాట్లాడి తెచ్చాడట.

"పాస్కా నాడు నీ చేతితోటి అరవింద్‌కు మొదటి గ్లాసు బావా. లివర్ బాగైన పండగ ఇది. మామూలు మందు పోస్తమా?"

మా నాయన రాగి గ్లాసు ఒకటి ఉంది. పాస్కా మధ్యాహ్నం మా వాళ్లందరూ మా ఇంట్లో చేరతారు. ఇంటి పెద్ద ఆ గ్లాసులో మొదట కొడుక్కి పోయాలి, ఆ తర్వాత తాను తాగాలి, ఆ తర్వాతే మిగిలినవాళ్లు. పెద్ద చెయ్యి పడందే ఎవరూ నోట పెట్టరు, ముక్క కూడా ముట్టరు. తపస్సు విడిచినట్టు దానితోనే లెక్క. నాకు మా నాయన పోశాడు. అరవింద్‌కు నేను పోస్తున్నాను. ఊళ్లో ఇంత పద్ధతిగా పండగ చేసే ఇల్లు ఇంకొకటి లేదు.

వంటింటి గుమ్మంలో రచన నిలబడి ఉంది.

"మామయ్యా, మొన్న డాక్టర్ ఏమన్నడో మీరు విన్లేదా?"

"విన్న కదమ్మా. బాగైందన్నడు."

"దాని తర్వాత?"

ఆమే చెప్పింది. "బాగైంది గనుక చెప్తున్న, మళ్ల ఒక్క చుక్క పడితే ఈసారి నా దగ్గరికి తేవొద్దు, తెచ్చినా నేను చేసేదేం లేదు అన్నడు. మీరప్పుడు ఆయన చేతులు పట్టుకొని ఏడుస్తున్నరు."

"డాక్టర్లు అందరికీ గట్లనే అంటరు బిడ్డా" అన్నాడు రాజారత్నం పన్ను కుట్టుకుంటూ. "నాకు షుగర్ అని అన్నం బంద్ పెట్టమన్నరు. నేను సచ్చిన్నా?"

అరవింద్ ఇంట్లో లేడు. కూతురు నిత్యను సైకిల్ మీద తిప్పడానికి పోయాడు. అదే మంచిదైంది.

మార్చి 29, శనివారం

బాటిల్ నా బీరువాలో పంచెల వెనక పెట్టాను. పారేస్తే రాజారత్నం బాధపడతాడు.

చుక్క అని డాక్టర్ అన్నాడంటే మరీ తాగొద్దని. మూతడు పోస్తే ఏమవుతుంది. దగ్గు మందు అంతకంటే ఎక్కువ తాగుతారు. మూతడు పోస్తాను. ఆచారానికి ఆచారం నిలుస్తుంది.

ఏప్రిల్ 2, బుధవారం

బిరడా బిగువుగానే ఉంది. అయినా నా పంచెలకు ఆ వాసన పట్టినట్టు అనిపించి అన్నీ తీసి ఎండలో వేశాను. "మొన్ననే ఉతికినవి కద" అన్నది శౌరమ్మ. చెమట వాసన అన్నాను.

ఏప్రిల్ 6, ఆదివారం

ఈ రోజు పూజలో ఫాదర్ ప్రసంగం విని నా రోమాలు లేచాయి. చిన్నవాడు, కొత్తగా మా విచారణకు, అంటే మా ఊరి గుడికి, వచ్చాడు, మీసం కూడా సరిగా లేదు.

"మీరు నోరు కట్టుకుంటున్నారు, చాలా మంచిది" అన్నాడు. "కానీ కట్టు ఎప్పుడు విప్పుతారా అని చొంగ కారుస్తూ కూర్చున్న నోరు దేవునికి కానుక అవుతుందా? ఆకలిని దేవునికి ఇచ్చామంటారు. పాస్కా నాడు పొయ్యి దగ్గర కూర్చుని ఇచ్చినదంతా వెనక్కి గుంజుకుంటారు. మితంగా ఉండటం తపస్సు కాలానికి పెట్టిన ముగ్గు కాదమ్మా, పండగ తెల్లారి చెరిపేయడానికి."

అందరూ తలలూపారు. శౌరమ్మ కళ్లు తుడుచుకుంది. నేను కూడా ఆమెన్ అన్నాను, అందరికంటే గట్టిగా.

పూజ అయ్యి గుడి గేటు దాటామో లేదో, మేకల అంజన్న అక్కడ నిలబడి ఉన్నాడు. పాస్కాకు మాంసం పోగులు ఎవరికెన్నో చెప్పమంటున్నాడు. ఇంతసేపూ తలలూపినవాళ్లే చుట్టూ మూగారు. ఒకాయనకు తొడ కావాలి, ఒకాయనకు బోటీ కావాలి. బోటీ ఎట్లా కడగాలో, ఎంతసేపు ఉడికితే పేగు జిగురు పోతుందో గుడి గోడకు ఆనుకుని చెప్పుకుంటున్నారు. సత్ప్రసాదం తీసుకున్న నాలుకలు అవి. ఇంకా ఆరలేదు.

అంజన్న నన్ను చూసి, "ఇన్నయ్య మామా, కార్జం మొత్తం మీ అరవింద్‌కే పక్కకు పెడ్త. ఎవలడిగినా ఇయ్య. పోయిన లివర్ మళ్ల వస్తది" అన్నాడు.

అందరూ నవ్వారు. నా తమ్ముడు చిన్నప్ప అరవింద్ వీపు చరిచి, "కార్జం తిని, మీ నాయిన పోసింది తాగి, తెల్లారేసరికి బాయిలర్ నువ్వే అయితవు పో" అన్నాడు. అరవింద్ కూడా నవ్వాడు. నవ్వి, నా వైపు చూశాడు.

వాడు నా వైపు ఎందుకు చూశాడో తెలియదు.

నాకు రెండు పోగులు చెప్పాను. పెద్దవాణ్ని, చెప్పకపోతే బాగుండదు.

ఏప్రిల్ 8, మంగళవారం

ఇంకో శుభవార్త. అరవింద్‌ను మళ్లీ పనిలోకి తీసుకుంటారు. మిర్యాలగూడ పోయి రామలింగం సేటును నేనే కలిశాను, వాణ్ని వెంటబెట్టుకుని. ఆయన రైసుమిల్లు గేటు లోపలికి పోగానే ఉడికిన వడ్ల వాసన, తవుడు దుమ్ము. అరవింద్ గుండెనిండా పీల్చుకున్నాడు, పుట్టింటికి వచ్చిన ఆడపిల్ల లెక్క.

సేటు ఆఫీసులో కూర్చుని ఉన్నాడు. నొసట నామం. "ఇయ్యాల ఏకాదశి ఇన్నయ్యా, ఉపవాసం. అన్నం మెతుకు ముట్ట" అన్నాడు. ముందు బల్ల మీద సగ్గుబియ్యం ఉప్మా పళ్లెం, నెయ్యి తేలుతూ. వేయించిన జీడిపప్పు. అరటిపండ్లు అరడజను. కోవా బిళ్లలు. మేము ఉన్నంతసేపూ ఆయన చెయ్యి ఆగలేదు. కోవా అంగిలికి అంటుకుంటే వేలు పెట్టి తీసుకుని, ఆ వేలే మళ్లీ పళ్లెంలో పెట్టాడు. ఉపవాసాలన్నీ ఒక్క తీరే ఉన్నాయి లోకంలో. మాకు రొయ్య, వాళ్లకు కోవా.

అయితే ఒక్క మాట మాత్రం మంచిది చెప్పాడు.

"మాకు ఏకాదశి ఒక్కటే కాదు, తెల్లారి ద్వాదశి పారణ ఉంటది. ఉపవాసం విడిచేందుకు సుత టైముంటది, పద్ధతుంటది. తులసి తీర్థం పుచ్చుకొని, ఇంత అవిసాకు కూర తోటి విడవాలె. ఆబగా తిన్నవా, మొత్తం ఖరాబ్. పట్టుడు అందరు పడ్తరయ్యా. విడిచేకాడ మనిషి దొరికిపోతడు." ఇంకో జీడిపప్పు నోట్లో వేసుకుని అడిగాడు. "మీది ఎట్ల విడుస్తరు?"

"పండగ కద సేటూ. పూజ అయితది, అందరం కలిసి తింటం" అన్నాను.

గ్లాసు సంగతి చెప్పలేదు. అడగలేదు కదా.

"సరే. పండగ తెల్లారి సోమారం రా" అని అరవింద్‌తో అన్నాడు. "బాయిలర్ కాడ నిలబెట్టే ముందు నోరు వాసన చూస్త. తప్పు పట్టకు. అది పేలితే నీ ఒక్కనితోటి పోదు."

నోరు వాసన చూస్తాడట. సంతలో గేదె పళ్లు చూసినట్టు. నాకు ఒళ్లు మండింది. అరవింద్ మాత్రం, "చూడుర్రి సేటూ" అన్నాడు, చాలా నిమ్మళంగా.

బస్సులో వాడికి చెప్పాను, మూతడు వాసన తెల్లారేసరికి ఉండదని. వాడు నిద్రపోతున్నాడు. పోతున్నట్టు ఉన్నాడు.

ఏప్రిల్ 13, మట్టల ఆదివారం

ఈత మట్టలు పట్టుకుని ఊరంతా తిరిగాం. నిత్య నా మట్ట కంటే పెద్దది కావాలని ఏడ్చి తీసుకుంది. అరవింద్ వడి వడిగా నడిచాడు, ఆయాసం లేదు. నేను సంతోషంలో హోసన్నా పాట చరణాలు తారుమారు చేసి పాడాను.

ఇంటికి రాగానే రచన చెప్పింది. గట్టిగా కాదు. బియ్యం ఏరుతూ.

"మామయ్యా, నేను గురువారం నిత్యను తీస్కొని సూర్యాపేట మా అమ్మోళ్లింటికి పోత. పండగ అయినంక సంగతి చూస్త."

"పండగ పూట కోడలు ఇంట్ల లేకుంటే నలుగురు ఏమనుకుంటరమ్మా?"

"నలుగురి సంగతి నాకొద్దు మామయ్యా. జనవరిలో ఆ తువ్వాల మీరు పారేసిన్రు. ఆ బెడ్డు కింద నేను తుడిచిన. మళ్ల తుడువ. మీరు పోస్తుంటే చూసుకుంట నిలబడుడు నాతోని కాదు."

"మూతడే కదమ్మా. ఆచారానికి."

ఆమె బియ్యంలోంచి ఒక రాయి తీసి పక్కన పెట్టింది. "మీరు వంటాయన కదా. పాలల్ల మూతడు మజ్జిగ పోస్తే ఏమైతదో మీకు నేను చెప్పాల్నా?"

పెద్దవాళ్లతో ఇట్లా మాట్లాడటం మా ఇంట్లో లేదు. నేను కోపంగా లేచి వచ్చాను.

ఏప్రిల్ 17, గురువారం

పోయారు. నిత్య బస్సు కిటికీలోంచి, "తాతా, పాస్కా గుడ్డు నాకు దాచిపెట్టు" అని అరిచింది. అరవింద్ బస్సు కనపడకుండా పోయేదాకా రోడ్డు మీదే ఉన్నాడు. రచన వాడితో ఏం చెప్పిందో తెలియదు.

సాయంత్రం గుడిలో ఫాదర్ పన్నెండు మంది కాళ్లు కడిగారు. అందులో రాజారత్నం ఒకడు, ముందు వరుసలో. ఈ పండగలకు కోదాడలో గుడి ఉన్నా ఇక్కడికే వస్తాడు. కాళ్లు శుభ్రంగా కడుక్కునే వచ్చాడు. బయటికి వచ్చి నా చెవిలో, "బాటిల్ మంచిగుంది కద బావా?" అన్నాడు. నోట్లోంచి వెల్లుల్లి వాసన.

ఏప్రిల్ 18, పవిత్ర శుక్రవారం

ఏటా ఈ రోజు ఆరాధన అయ్యాక గుడి వెనక ఊరందరికీ గంజి పోస్తాం. గంజి నాది. క్యాంటీన్ మానేసినా ఈ ఒక్క డేగిశా మానలేదు. అరవింద్ కట్టెలు ఎగదోశాడు. చెమట పట్టి వాడి ముఖం మెరుస్తుంటే ఎంత బాగున్నాడో. దిష్టి తగులుతుందని చూపు తిప్పుకున్నాను.

వాడు మంట వైపు చూస్తూ అడిగాడు.

"నాయినా, ఎల్లుండి నువ్వు పోస్తవా?"

"మూతడు. ఆచారం కదరా."

"నువ్వు పోస్తే తాగుత."

"తాగకు. పెదవికి తాకిచ్చి పెట్టు."

"తాకిచ్చి పెట్టుడు నాకు రాదు నాయినా. వచ్చేదైతే దవాఖానకు ఎందుకు పోత?" కట్టె ఒకటి లోపలికి నెట్టాడు. "మంది పోస్తే వద్దంట. రాజారత్నం మామ పోస్తే గ్లాసు తీసి విసిరికొడ్త. నువ్వు పోస్తే నాకు వద్దు అనే మాట నోట్లకెళ్లి రాదు. అందరి ముంగట నీ చెయ్యి గట్ల గాల్ల ఉంటే నేను చూడలేను. తాగుత. తాగినంక మూతడు కాడ ఆగ. అది నాకు తెలుసు, నీకు తెల్వదు."

నేను గరిటె తిప్పుతూనే ఉన్నాను.

"నువ్వే పోయకు నాయినా. అంతే నేను అడిగేది."

తిప్పుతూనే ఉన్నాను గానీ అడుగు అందలేదు. గంజి మాడింది. ఇన్నేళ్లలో నా చేతిలో ఒక గిన్నె మాడింది లేదు. అందరూ మాడు వాసన గంజే తాగారు. ప్రభువు కష్టాల రోజు కదా అని సర్దుకున్నారు.

ఏప్రిల్ 19, శనివారం

రోత. ఎవరి మీదో రాయను.

ఏప్రిల్ 20, పాస్కా ఆదివారం

ఇల్లు ఖాళీ అయింది. శౌరమ్మ గిన్నెలు తోముతున్నది. సాయంత్రం ఎండ ఇంకా ఉంది. అంతా రాసి పెట్టుకోవాలి.

మధ్యాహ్నానికి అందరూ వచ్చారు. ముప్పై మందికి తక్కువ లేరు. పెద్ద డేగిశాలో మాంసం, దాని పక్క బోటీ, ఒక పళ్లెంలో కార్జం వేపుడు విడిగా. వేపుడు పళ్లెం రాజారత్నమే పట్టుకుని నిలబడ్డాడు, హారతి పళ్లెం లెక్క. అరవింద్ తెల్ల చొక్కా వేసుకుని నా ఎదురుగా పీట మీద కూర్చున్నాడు. చేతులు మోకాళ్ల మీద. నేను బీరువాలోంచి బాటిల్ తెచ్చాను. శౌరమ్మ రాగి గ్లాసు చింతపండుతో తోమి తెచ్చింది. ఇచ్చేటప్పుడు నా ముఖం చూడలేదు.

బిరడా తిప్పాను. టక్కుమంది.

అందరి చూపూ నా చేతి మీద. ఒకడి గొంతు గుటక వేసింది. తర్వాత ఇంకొకడిది. చిన్నప్ప నాలుక బయటికి వచ్చి కింది పెదవి తడుపుకుని లోపలికి పోయింది. రాజారత్నం కార్జం ముక్క ఒకటి ఎవరూ చూడలేదనుకుని నోట్లో వేసుకుని దవడలో దాచాడు. విభూది బుధవారం నుంచి ఈ నోళ్లన్నీ దేవునికిచ్చామన్నాం. ఒక్క నోరు కూడా ఇచ్చింది లేదు. ఇన్నాళ్లూ నా బిరడా చప్పుడు కోసం తెరుచుకునే ఉన్నాయి.

అరవింద్ నోరు మాత్రం మూసి ఉంది. పళ్లు బిగబట్టి ఉన్నాడు, దవడ ఎముక కదులుతున్నది. కళ్లు బాటిల్ మీద లేవు, నా మీద ఉన్నాయి.

అప్పుడు తెలిసింది. నా నోట్లో కూడా నీళ్లూరుతున్నాయి. నాలుక కింద నుంచి, వేడిగా. నా కొడుకు ఎదురుగా చావుకు సిద్ధమై కూర్చుని ఉంటే నా నోట్లో నీళ్లు. వాడికి పోస్తే తప్ప నాకు తాగే వంతు రాదు కదా. ఆ నీళ్లు మింగలేకపోయాను. లేచి వాకిట్లోకి పోయి ఉమ్మాను.

బాటిల్ చేతిలోనే ఉంది. మురికినీళ్ల మోరీ పక్కనే ఉంది. వంచాను.

"బావా" అన్నాడు రాజారత్నం, గొంతులో ముక్కతో. "బావా, అది మిలిటరీది."

"మిలిటరీదే. మోరీలకు పోతున్నది."

గుడగుడమని పోయింది. వాసన లేచింది. జనవరి తువ్వాల వాసన. వీధి కుక్క వచ్చి మూతి పెట్టి, తుమ్మి, పక్కకు పోయింది.

"పండగ పూట ఇదేం పని అన్నా?" అని చిన్నప్ప కేకలు మొదలుపెట్టాడు. "తాతల కాడికెళ్లి వచ్చే పద్ధతి. నీ కొడుక్కు వద్దంటే వద్దు, మా సంగతేంది? పిలిచి ముఖం మీద ఉమ్మినట్టు?"

"ఉమ్మింది మోరీలనే" అన్నాను. "మా ఇంట్ల ఇగ గ్లాసు లేదు. ఈ ఏడు లేదు, వచ్చే ఏడు లేదు, నేను పోయినంక లేదు. అన్నం ఉన్నది. కూర్చుంటే పెడ్త."

కూర్చోలేదు. గొణుక్కుంటూ లేచారు. రాజారత్నం వేపుడు పళ్లెంతో పోయాడు. చిన్నప్ప కొడుకులిద్దరూ మాంసం డేగిశాకు చెరొక పక్క పట్టుకున్నారు. చిన్నప్ప ట్రాక్టర్ షెడ్డులో కూర్చుని తాగుతారట. బోటీ కూడా పోయింది. శౌరమ్మ గుమ్మం దాకా పోయి వెనక నుంచి, "డేగిశా మాది. తోమి తెచ్చియ్యుర్రి" అన్నది.

ఇంట్లో ముగ్గురం మిగిలాం. అన్నం, పప్పుచారు, నిత్యకు దాచిన గుడ్డు.

అరవింద్ పీట మీద నుంచి లేవలేదు. "నాయినా, ఆ గ్లాసుల నీళ్లు పొయ్యి" అన్నాడు. కుండలోంచి ముంచి పోశాను. తాగాడు. ఇంకో గ్లాసు అడిగాడు, పోశాను. మూడోది పోస్తుంటే నా చేతిలోంచి సగం వాడి తెల్ల చొక్కా మీద పడ్డాయి. వాడు నవ్వాడు. పళ్లన్నీ కనపడేటట్టు. ఆ నవ్వు చూసి శౌరమ్మ ఏడ్చింది, నేను ఏడవలేదు, కొంచెం ఏడ్చాను. పప్పుచారుతో మూడు సార్లు అన్నం పెట్టించుకున్నాడు. ఉప్పు సరిగ్గా ఉంది.

ఇంత శుభవార్త ఇంట్లో పెట్టుకుని ఊరుకోలేను. చెప్పాల్సినవాళ్లు:

చిన్నప్ప. రేపు డేగిశా తెచ్చేటప్పుడు. మళ్లీ అడుగుతాడు. మళ్లీ లేదనే చెప్పాలి.

రాజారత్నం. ఫోన్‌లో. ముందు షుగర్ ఎంత ఉందో అడిగి, తర్వాత. వచ్చే ఏడు ఒక్కపొద్దుకు చేప తేవొద్దని కూడా.

చిలుకూరు మేనకోడలు శ్యామల. దాని మొగుడు కూడా ఏటా మా గ్లాసు కోసమే వస్తాడు. శ్యామల సంతోషిస్తుంది. దాన్ని ముందు పిలిచి చెప్పాలి, మొగుడు లేనప్పుడు.

మిర్యాలగూడ సత్యవతి వదిన. ఆమె కొడుక్కి ఈ ఏడు పద్దెనిమిది నిండుతాయి. వచ్చే పాస్కాకు నా చేతితో పోయమని అడిగి ఉంది. నేను సరేనన్నాను. వద్దని చెప్పాలి.

మా నాయన. సమాధుల తోటకు పోయి. ఏటా నవంబరులో ఆయన రాతి మీద కూడా ఇంత పోసేవాణ్ని. ఈసారి నుంచి కొవ్వొత్తి ఒక్కటే అని చెప్పాలి. కోపమొస్తే రానీ.

రామలింగం సేటు. చుట్టం కాదు గానీ, రేపు పొద్దున్నే గేటు దగ్గర.

రచన, సూర్యాపేట. అందరికంటే ముందు రాయాల్సింది, చివరికి వచ్చింది. ఫోన్ చేస్తే నమ్మదు, నమ్మాల్సిన పని కూడా లేదు. ఇప్పుడే బస్సుంది. అరవింద్‌ను తీసుకుని పోవాలి. ఏమీ చెప్పకుండా ఇద్దరం గుమ్మంలో ఆమెకు దగ్గరగా నిలబడాలి. నోరు వాసన చూసుకోమనాలి. వాడిదీ, నాదీ.